కత్తి పీకమన్న డాక్టర్

తోటపల్లి గూడూరు తీరంలో, పడవ చాటున పెంచలకృష్ణ స్పృహ తప్పి పడి ఉన్నాడు. తొడలో పిడిదాకా దిగిన కత్తి.

నేవీ సర్వే నౌకను పేల్చేందుకు ఒక విదేశీ ముఠా ఆ ఉదయమే చేపల బోటులో బాంబు పంపింది. అది ఏ బోటో తెలిసిన ఏకైక ఇన్ఫార్మర్ ఈ జాలరే.

రొయ్యల వ్యాపారి వేషంలో ఉన్న ఏజెంట్ మాల్యాద్రి అతని పక్కన మోకరిల్లాడు. తామిద్దరూ ఇక్కడ కలుస్తున్నట్టు తనకూ, ఏజెన్సీ డాక్టర్ ఎవాంజెలిన్‌కూ తప్ప ఎవరికీ తెలియదు. మరి పొడిచిందెవరు?

పెంచలకృష్ణ భార్య మాలకొండమ్మ గుప్పెడు కాఫీపొడితో పరుగెత్తుకొచ్చింది. అక్కడ ఏ గాయానికైనా మొదటి మందు అదే. మాల్యాద్రి వద్దని వారించి, శుభ్రమైన తువ్వాళ్లు తెప్పించాడు. వాటిని కత్తికి రెండు వైపులా దన్నుగా పెట్టి నొక్కాడు.

జీపు ఆగింది. నల్ల కళ్లద్దాలు, పట్టు స్కార్ఫ్, ఖరీదైన సెంటు. ఎవాంజెలిన్ వంగి చూసింది.

"కత్తి పీకెయ్. నేను కుట్లేస్తాను."

మాల్యాద్రి కదల్లేదు. దిగిన కత్తే రక్తానికి అడ్డుగా ఉంటుందనీ, దాన్ని కదిలించకూడదనీ ట్రైనింగ్‌లో నూరిపోసింది ఈవిడే. మర్చిపోయిందా? ఎవాంజెలిన్ ఏదీ మర్చిపోదు.

"పీకితే ఎంతసేపు బతుకుతాడు, డాక్టర్?"

"ఎంతోసేపు బతకడు. మాకదే చాలు."

"మాకు అంటే?"

స్కార్ఫ్ కింద నుంచి పిస్టల్ బయటికొచ్చింది.

చేతులు తీస్తే పెంచలకృష్ణ పోతాడు. తీయకపోతే ఇద్దరూ పోతారు. "అక్కా, ఇలాగే నొక్కి పట్టుకో. ఎవరు చెప్పినా వదలొద్దు," అన్నాడు నెమ్మదిగా. మాలకొండమ్మ చేతులు అతని చేతుల స్థానంలోకి వచ్చాయి.

మరుక్షణం పిడికెడు ఇసుక ఎవాంజెలిన్ మొహాన పడింది. గుండు పడవలో దిగింది. మాల్యాద్రి ఆమె మణికట్టు మెలిపెట్టి, చేతులు వల తాడుతో కట్టేశాడు.

పెంచలకృష్ణ కళ్లు తెరిచాడు. "ఏ బోటు, కృష్ణా?"

"పచ్చ బోటు సార్. దాన్లో వల్లేదు. చేపలకి పోయేవోడు వల లేకుండా పోతాడా?"

మాల్యాద్రి చొక్కా బొత్తంలోని ట్రాన్స్‌మిటర్ ఆ మాటను కోస్ట్ గార్డ్‌కు చేర్చింది. నౌక కూతవేటు దూరంలో ఉండగా పచ్చ బోటును అడ్డుకున్నారు. ఆఖరి క్షణంలో టైమర్ ఆగింది.

అంబులెన్స్ వచ్చింది. తెల్లకోటు కుర్రాడు గాయం వైపు చెయ్యి చాపాడు. మాలకొండమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"ముందు ఇది చెప్పు నాయనా. నువ్వు కత్తి పీకే డాక్టరువా, పీకని డాక్టరువా?"