కొలిమి తలుపు వెనక గ్రిజెల్

అలన్ పర్వ్స్ ఆ నెలలో నాలుగోసారి తన గుర్రాన్ని కమ్మరి నినియన్ గెడ్డెస్ కొలిమికి తోలుకొచ్చేసరికి, తలుపు వెనకున్న గ్రిజెల్‌కి పటకారు అతని నెత్తిన వెయ్యాలనిపించింది.

కోపం అతని పొగడ్తల మీద. లాడం మేకు ఎంత నాజూగ్గా మడిచారండీ, స్కాట్లాండ్‌లోనే ఇలాంటి చెయ్యి లేదండీ అని వీధంతా వినేలా అంటాడు. నినియన్ గడ్డం నిమురుకుంటూ, ఏదో దేవుడిచ్చిన విద్య అంటాడు.

దేవుడిచ్చిన మాట నిజమే, ఇచ్చింది ఆయనకి కాదు. రెండేళ్ల కిందట ఓ గుర్రం తన్ని కుడి మణికట్టు విరిగాక ఆయన సుత్తి ఎత్తింది లేదు. ఇది మా వంశ రహస్యం, ఎవరూ చూడకూడదంటూ తలుపు మూయించేవాడు. లోపల లాడాలు కొట్టేది కూతురు గ్రిజెల్. బయటపడితే చర్చి పెద్దలు ఊరుకోరు, జమీందారు కొలిమి ఇంకొకరికి ఇచ్చేస్తాడు.

తల్లి జానెట్ బెంగ వేరే. కూతుర్ని పాస్టరు గారి సహాయకుడు పిట్‌కెయిర్న్‌కి ఇవ్వాలని ఆవిడ పంతం. కాలిన వేళ్లు కనపడకుండా గ్రిజెల్‌కి చేతితొడుగులు తొడిగి, ఆయన ఇంటికొచ్చిన పూట టీ ఇప్పించింది. ఆ తొడుగులు చూసి ఆయన, ఇంత సుకుమారమైన చేతులు ఈ చుట్టుపక్కల లేవన్నాడు.

ఆ పూటే ఆయన గుర్రం లాడం ఊడింది. పక్క ఊళ్లో అంత్యక్రియలున్నాయి, ఆలస్యం కాకూడదు. వంశ రహస్యం తానూ చూస్తానంటూ సరాసరి కొలిమిలోకి నడిచాడు. దైవసేవకుణ్ణి వద్దనేదెవరు? నినియన్ సుత్తి ఎత్తాడు. అది జారి కింద పడింది. వాకిట్లో తన గుర్రాన్ని పట్టుకుని అలన్ నిలబడి చూస్తున్నాడు.

గ్రిజెల్ తొడుగులు తీసి ఎడమచేత్తో సుత్తి అందుకుంది.

లాడం వేయడం పూర్తయ్యేదాకా పిట్‌కెయిర్న్ ఓపిగ్గా ఆగి, ఆ తర్వాత అవమానపడి, ఆ గుర్రం మీదే వెళ్లిపోయాడు.

"చూశావుగా. మా నాన్నని పొగిడినవన్నీ వెనక్కి తీసుకో," అంది గ్రిజెల్ అలన్‌తో.

"అవి మీ నాన్నకి చెప్పినవి కావు. తలుపుకి చెప్పాను. ఆ మేకుల మడత ఎడమచేతి వాటం. మీ నాన్న ఎడమచేత్తో టీ కప్పయినా ఎత్తడు."

"మరి నాలుగుసార్లు లాడం ఎలా ఊడింది?"

"నేనే పీకాను. చచ్చేంత పనయింది. అంత గట్టిగా కొడతావేం?"

ఆదివారం చర్చి పెద్దలు సమావేశమై, ఆడది కొలిమి పని చేయడం తప్పని తీర్మానించారు. సోమవారం పొద్దున్నే వాళ్ల గుర్రాలే వరసలో ముందున్నాయి. కోతల కాలం, ఇంకో కమ్మరి పన్నెండు మైళ్ల అవతల గాని లేడు. లాడం బాగుంది గెడ్డెస్ అని ఓ పెద్దాయన అలవాటుకొద్దీ అన్నాడు.

నినియన్ చెయ్యి గడ్డం దాకా వెళ్లి ఆగిపోయింది. "నాది కాదండీ. రెండేళ్లుగా అన్నీ మా అమ్మాయివే. పొగిడేదుంటే దాన్ని పొగడండి," అన్నాడు. జానెట్ లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఆ మాట జమీందారు చెవిన పడ్డా, ఆయన గుర్రాలు కూడా గుర్రాలే కాబట్టి ఊరుకున్నాడు.

వారం తిరక్కుండా అలన్ వచ్చి కొలిమితిత్తి దగ్గర నిలబడ్డాడు.

"ఊదేటప్పుడు మాట్లాడకు, నిప్పు చల్లారిపోతుంది," అంది గ్రిజెల్.

"ఒక్క మాట. నన్ను పెళ్లి చేసుకుంటావా?"

"ముందు ఊదు."

ఊదాడు. ఇనుము బాగా ఎర్రబడ్డాక, చేసుకుంటానంది.