అమృత లీవు కాగితం

సిరిసిల్ల వీధిలో మరమగ్గాల సాంచాలు మొదలయ్యే వేళకు అమృత టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది. రెడీమేడ్ బట్టల కంపెనీలో మూడేళ్లుగా కుట్టుపని చేస్తోంది. ఇప్పుడు ఎనిమిదో నెల. పాదాలు పొంగి నడవడమే కష్టంగా ఉంది.

"అత్తమ్మా, ఇయ్యాల లీవుకు రాసిస్త. ఇగ మిషన్ మీద కూసోవద్దన్నది డాక్టరమ్మ."

బీడీలు చుడుతున్న భూదేవి చేతులు ఆగిపోయాయి. "ఇప్పుడే వద్దు అమృతా. కాన్పు దగ్గరపడేదాక పో. మెల్లగ కుట్టు."

"ఎట్ల పోవాలె? కూసుంటే లేవస్తలేదు."

"లీవంటే ఆర్నెల్లు! గన్ని దినాలు పోకుంటే నీ పేరు ఉంచుతరా?"

అమృత కళ్లలో నీళ్లు తిరిగాయి. పెళ్లయిననాటి నుంచి ఒక్క మాట అనని అత్త! "నాకంటె, కడుపుల ఉన్న పిల్లకంటె గా నౌకరీయే ఎక్కువైందా నీకు?"

స్నానం చేసి వచ్చిన సంపత్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. "అమ్మా, ఏందే గిది?"

భూదేవి ఒళ్లోని చాట పక్కన పెట్టి లేచింది. "నడు అమృతా, నేను గూడ వస్త. ఆఫీసోళ్లనే అడుగుత."

కంపెనీ ఆఫీసులో అనురాధ కాగితాలు చూసే ఉద్యోగి. కుర్చీలో కూర్చోకుండానే భూదేవి అడిగేసింది. "లీవు పెడితే పీఎఫ్ పోతదా? ఈఎస్ఐ పోతదా?"

"ఏదీ పోదమ్మా. ఇన్నాళ్లు ఈఎస్ఐ కట్టింది కదా, ఇరవై ఆరు వారాలు ఆళ్లే జీతం లెక్క ఇస్తరు. కంపెనీ జీతం ఉండది గనక గా నెలల్ల కటింగ్ ఉండది. పీఎఫ్ ఖాతా గట్లనే ఉంటది, డ్యూటీకి వచ్చినంక మళ్ల జమయితది. దవాఖాన కార్డు గూడ నడుస్తది."

"పేరు కొట్టెయ్యరా?"

"కాన్పు లీవుల ఉన్నోళ్లను తీసెయ్యొద్దని చట్టమే ఉన్నదమ్మా."

భూదేవి అప్పుడు కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సంపత్ పుట్టినప్పుడు మూడు నెలలు ఇంట్ల ఉన్న. గప్పటి మా బీడీ కంపెనీల పేరు కొట్టేసిండ్రు. మళ్ల కొత్తగ రాసుకున్నరు. పింఛను కాడికి వచ్చేసరికి ముందటి తొమ్మిదేండ్లు లెక్కకే రాలే. నీకు గూడ గట్లయితదని భయపడ్డ. నీ పాదాలు నాకు కనవడక కాదు బిడ్డా."

అమృత పొగాకు మరకలున్న ఆ చేతులను తన చేతుల్లోకి తీసుకుంది. "గీ మాట పొద్దుగాల చెప్తే అయిపోతుండె కదా అత్తమ్మా! నేనేమో నోటికొచ్చినట్టు అంటి."

"పోయినదాని ముచ్చట ఎందుకని..."

"పోయిందని ఎవరన్నరు? పాత కాగితాలు ఏమన్న ఉన్నయా? లీవుల ఉంట కదా, పీఎఫ్ ఆఫీసుకు అర్జీ రాస్త."

"ముందుగాల నువ్వు పండుకో. అర్జీలు తర్వాత," భూదేవి ఏడుస్తూనే నవ్వింది.

అమృత లీవు కాగితం మీద సంతకం పెట్టింది. బయట ఆటో ఎక్కాక భూదేవి కోడలి భుజం చుట్టూ చెయ్యి వేసి డ్రైవరుతో అంది:

"మెల్లగ పోనియ్యి నాయినా. నా బిడ్డకు ఎనిమిదో నెల."