గోదాం గేటు మీద పడిన డ్రోన్

సాయంత్రం ఆరు గంటల ఐదు నిమిషాలు.

పాశమైలారంలో కొత్త గోదాం ప్రారంభోత్సవం. వీడియో తీస్తున్న డ్రోన్ గాల్లో ఒక్కసారి వంకర తిరిగింది. రాయిలా కిందికొచ్చింది. రావడం రావడం గేటు దగ్గర నిలబడ్డ వాచ్‌మన్ పెద్దరాములు తల మీద పడింది.

పదకొండు కుట్లు. రెండు రోజులైనా అతను కళ్ళు తెరవలేదు.

డ్రోన్ ఎగరేసిన జహూర్ స్టేషన్‌లో కూర్చున్నాడు. సాయంత్రంలోగా రిమాండ్ రిపోర్టు కావాలని సీఐ పొద్దున్నే ఫోన్ చేశాడు.

కేసు చూస్తే వడ్డించిన విస్తరే. ప్రమాదానికి అరగంట ముందు పెద్దరాములు జహూర్ బైకును గేటు దగ్గర ఆపేశాడు. మాటా మాటా పెరిగింది. "నీ సంగతి చూస్త" అని జహూర్ అనడం టీకొట్టు మొగులమ్మ విన్నది. పైగా జహూర్ పనిచేసే ఫొటో స్టుడియో ఓనర్ నవీన్ తనంతట తానే వచ్చి తప్పంతా జహూర్‌దేనని స్టేట్‌మెంట్ ఇచ్చిపోయాడు.

ఎస్సై సత్యశ్రీకి అదే నచ్చలేదు. ఎవరూ పిలవకుండా స్టేషన్ మెట్లెక్కే మనిషిని ఆమె పన్నెండేళ్ళ సర్వీసులో ఎన్నడూ నమ్మలేదు.

ఆమె జహూర్ ముందు ఎవిడెన్స్ కవర్ పెట్టింది. అందులో అగ్గిపెట్టెలో సగమంత ఉండే లైటు. మసక వెలుతురులో డ్రోన్ కనబడటానికి మిలమిలా కొట్టుకునే స్ట్రోబ్ లైటు. దాని అంచు కోసుకుపోయి ఉంది, అడుగున టేపు ఇంకా అంటుకునే ఉంది.

"ఈ లైటు ఊడి రెక్కల పడ్డది. రెక్క ఇరిగింది. అంతే గదా?"

"గంతే మేడం."

"ఎవరు పెట్టిన్రు?"

"నేనే. గణేశ్ నిమజ్జనం ముందట. స్పిరిట్‌తోని తుడిచిన, డబుల్ టేపు ఏసిన, ఒక రోజంతా కదపలే. నెలాయె, బేఫికర్‌గ ఉండె." ఫోన్‌లో ఫొటో కూడా చూపించాడు.

"మరెందుకు ఊడింది?"

"మాలూమ్ నై మేడం."

"దసరా నాడు ఎక్కడున్నవ్?"

"జోగిపేటల. మా నాని, అమ్మమ్మ జైతూన్ బీ ఇంట్ల. మరునాడు అయిదున్నరకు సీదా గోదాం కాడికే వచ్చిన. డ్రోన్ నవీన్ భాయ్ తెచ్చిండు. బ్యాగుల కెల్లి తీసిన, ఎగరేసిన."

చెప్పేవాడి కళ్ళల్లో తడి ఉంది. తడి చూసి కరిగిపోతే పోలీసు ఉద్యోగం సాగదని ఆమె మొహం తిప్పుకుంది. మనసు మాత్రం కుదురుగా లేదు.

పదిన్నరకు ఆమె ఆస్పత్రికి వెళ్ళింది. పెద్దరాములు భార్య సోమమ్మ వార్డు బయట తమలపాకుకు సున్నం రాస్తోంది. రెండు రోజులుగా ఆమె కడుపులోకి పోయింది ఆ ఆకూ వక్కే.

"ఆ పోరన్ని ఇడువకు బిడ్డా. కావాలనే ఏసిండు."

సత్యశ్రీ సంతకం కోసం ఫైలు తెరిచింది. లైటున్న ప్లాస్టిక్ కవర్ బయటికి జారింది. సోమమ్మ వంగి చూసింది.

"టేపుకు గా పచ్చదేంది?"

"ఫ్యాక్టరీల దుమ్మమ్మా." కానిస్టేబుల్ అలాగే రాశాడు. సత్యశ్రీ కూడా అలాగే అనుకుంది.

"దుమ్ము గంత పచ్చగుంటదా? జెర సున్నం పెట్టి సూడరాదు."

కానిస్టేబుల్‌ను సాక్షిగా నిలబెట్టి, సత్యశ్రీ టేపు మూల మీద ఆవగింజంత సున్నం రాసింది. నీటి చుక్క వేసింది.

మూల ఎర్రబడింది. దిష్టి తీసే ఎర్రనీళ్ళ రంగు.

పసుపు.

డ్రోన్ మీద పసుపు ఉండటం అందరూ చూశారు. దసరాకు స్టుడియోలో పూజ చేశారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. కానీ పసుపు టేపు కిందికి ఎలా పోయింది?

పన్నెండూ ఇరవైకి నవీన్ స్టేషన్‌కు వచ్చాడు. సత్యశ్రీ అతన్ని జహూర్ పక్కనే కూర్చోబెట్టింది. నవీన్ అతని వైపు చూడలేదు.

"పూజ ఎన్ని గంటలకు?"

"దసరా పొద్దున తొమ్మిదింటికి మేడం."

"డ్రోన్‌కు పసుపు ఎవరు పెట్టిన్రు?"

"నేనే. నా చేతులతోని."

"అప్పుడు లైటు దాని మీదనే ఉన్నదా?"

"ఉన్నది. జహూర్ పెట్టినంక దాన్ని ఎవ్వరు ముట్టలే."

"రాసుకో," అంది కానిస్టేబుల్‌తో. తర్వాత మూల ఎర్రబడ్డ టేపును బల్ల మీద పెట్టింది.

"లైటు ముందే ఉంటే పసుపు లైటు చుట్టూ అంటాలె. లైటు మీద అంటాలె. టేపు కింద ఎట్లుంటది నవీన్? పూజ నాడు ఆ జాగ ఖాళీగ ఉన్నది. లైటు అటెన్క అతికింది."

నవీన్ పెదాలు తడుపుకున్నాడు. "అయితే జహూరే మళ్ల..."

"ఇది చూడు." ఆమె లాప్‌టాప్ తిప్పింది. డ్రోన్ మెమరీ కార్డులోని వీడియోలు. "వారం కిందటిది. సాయంత్రం ఆరూ పదికి. లైటు కొట్టుకున్నప్పుడల్లా పక్కకు తెల్లగ మెరుస్తున్నది. ఇది దసరా ముందు రోజు, మంజీర ఒడ్డున పెండ్లిజంట. అదే టైము. ఒక్క మెరుపన్న ఉన్నదా? ఆ రోజు ఎగరేసింది ఎవరు?"



"నేనే," అన్నాడు నవీన్. "మెరుపు వీడియోల పడుతున్నదని పెండ్లోళ్ళు లొల్లి చేసిన్రు. పీకేసిన. పూజ అయినంక యాదికొచ్చింది. కొత్త టేపే ఏసిన మేడం."

"పసుపు తుడవలేదా?"

"పూజ చేసిన పసుపు తుడువొద్దు గద. మంచిది కాదు. దాని మీదనే అతికిచ్చిన."

అతుకు పట్టాల్సింది ప్లాస్టిక్‌కు. పట్టింది పొడికి. గాల్లో పదిహేను నిమిషాలు ఆగడమే గొప్ప.

"ఇది పొరపాటు," అంది సత్యశ్రీ. "నాకు కోపమొచ్చేది దానికి కాదు. రెండు రోజులు ఈ పిలగాడి మీదికి తోసినవే, దానికి."

"ముసలాయన రక్తం చూసి పరేషాన్ అయిన. ఒక్కపాలి అబద్ధం చెప్పినంక మళ్ల నోరు రాలే." నవీన్ మొదటిసారి జహూర్ వైపు చూశాడు. జహూర్ తల ఎత్తలేదు.

నవీన్‌ను లోపలికి తీసుకెళ్ళారు. సత్యశ్రీ రిమాండ్ కాగితం చింపేసింది. రెండు రోజుల బరువు దిగినట్టనిపించింది.

"ఇగ ఇంటికి పో జహూర్. నీ తప్పేం లేదు."

అతను లేవలేదు.

"ఉన్నది మేడం. ఎగరేసే ముందట లైటు పట్టి గుంజి చూడాలె. రోజూ చూస్త. ఆ రోజు పెద్దమనిషితోని కొట్లాడి కోపంల ఉండి చూడలే. ఒక్కసారి గుంజితే చేతికొస్తుండె."

ఇది ఆమె అడగని ప్రశ్నకు జవాబు. కాగితం మీదికెక్కితే మళ్ళీ అతని మెడకే చుట్టుకుంటుంది. వినలేదనుకుంటే సరిపోతుంది. కానిస్టేబుల్ కూడా కిటికీ వైపు చూస్తున్నాడు.

"రాసుకోండి," అన్నాడు జహూర్. "రాసినంక ఆస్పత్రికి పోత. సోమమ్మకు కూడా ఇదే చెప్పాలె."

 సత్యశ్రీ కొత్త కాగితం తీసి, అతను చెప్పింది చెప్పినట్టు రాసింది. సంతకం పెట్టించుకుంది. జీపు తాళాలు తీసుకుని, అతన్ని తానే ఆస్పత్రికి తీసుకెళ్ళింది.