ఇల్లు దాటని గౌను

పొద్దున్నే ముందుగదిలో కుట్టుమిషన్ చప్పుడు మొదలైందంటే పెద్దకోడలికి ఒళ్ళు మండుతుంది. చిన్నకోడలికి కత్తెర పట్టుకోవడం నేర్పింది తనే. ఇప్పుడేమో ఆన్‌లైన్‌లో పిల్లల గౌన్లమ్మే పేజీ మీద చిన్నదాని ఫోటో, పొగడ్తలన్నీ చిన్నదానికే. తనకు మిగిలింది కాజాలు కుట్టి గుండీలు వేసే పని.

"మా చిన్నకోడలి చేతిలో ఏముందో గానీ, బడివాళ్ళు రెండొందల జతల యూనిఫారాలు కుట్టమన్నారు," అని అత్తగారు ఫోన్‌లో ఎవరితోనో మురిసిపోతూ చెబుతోంది.

ఆ చేతికి పని నేర్పిన చెయ్యి ఆవిడకు కనబడదు. పెద్దకోడలు విసురుగా వంటగదిలోకి వెళ్ళి తన ఫోన్ తీసింది. నెల కిందట పువ్వు బొమ్మ పెట్టి ఓ దొంగ ఖాతా తెరిచింది. మొదటిసారి ఆ పేజీలో "కుట్టు వదులుగా ఉంది" అని మాత్రమే రాసింది. రాసిందెవరో ఎవరూ కనిపెట్టలేదు. దాంతో ధైర్యం పెరిగింది. ఇంట్లో పల్లెత్తు మాట అనని మనిషి, ఆ పువ్వు చాటున తోడికోడల్ని మోసగత్తె అంది, పాతబట్ట అంటగడుతుందని రాసింది. ఇవాళ ఇంకో అడుగు ముందుకేసింది. "నీలం గౌను కొన్నాను. చంక దగ్గర ముడత. లోపల బూడిదరంగు దారం" అని రాసి, అదే మాట బడికి కూడా పంపింది.

మధ్యాహ్నానికి బడివాళ్ళు ఆ రాత చూపించి ఆర్డరు ఆపేశారు.

చిన్నకోడలు ఎర్రబడిన కళ్ళతో వచ్చి, కొక్కేనికున్న నీలం గౌను తీసి బల్ల మీద పరిచింది.

"అక్కా, ఈ గౌను ఇంకా ఇల్లు దాటలేదు. ఫోటో కూడా పెట్టలేదు. నీలిదారం అయిపోయి లోపల బూడిదరంగుది వేశామని నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు?"

"నన్నడుగుతావేం? లోకంలో ఎంతమంది లేరు..."

"సైబర్ పోలీసులకు ఫిర్యాదు రాసుంచాను. పంపమంటావా?"

పెద్దకోడలు కుర్చీలో కూలబడింది. "నేనే రాశాను. పేరు కనబడదుగా అని రాశాను. నీ మొహం చూస్తూ అయితే ఒక్క ముక్క అనలేకపోయేదాన్ని. అందరూ నిన్నే మెచ్చుకుంటారు. నీకు నేర్పింది నేనని ఒక్కరూ అనరేం?"

"అడిగుంటే నీ ఫోటోనే ముందు పెట్టేదాన్ని కదక్కా. ఆ మొదటి తిట్టు చదివినరోజు నీ ఒళ్ళో పడి ఏడ్చాను. నువ్వు నా తల నిమిరావు."

ఆ మాటకు పెద్దకోడలు సిగ్గుతో చచ్చిపోయింది. వెక్కివెక్కి ఏడ్చింది. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని బడికి తనే ఫోన్ చేసింది.

"మీరెవరండీ?" అని అడిగారు అవతలనుంచి.

పెద్దకోడలు తోడికోడలి మొహంలోకి చూసింది. మళ్ళీ అడిగారు.

"ఆమె తోడికోడల్నండి. ఆ అబద్ధాలు రాసింది నేనే."

చిన్నకోడలు కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చుంది.