మిగిలిన ఒకే ఒక్క వార్నింగ్

ఎర్రగుంట్ల జంక్షన్‌లో, పట్టపగలు, బస్సు దిగుతున్న మక్బూల్ గొంతులో కత్తి దిగింది. సిమెంటు లారీల దుమ్ములో హంతకుడు మాయమయ్యాడు. నెత్తుటి మడుగులో పడిన ఆ కుర్రాడు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు.

“ఏజెంట్ నాసిర్!” ఫోన్‌లో చీఫ్ మోషే గొంతు కరుకుగా ఉంది. “గండి గుడికి ఎగువన పాపాఘ్ని ఏటి మీద ఉన్న కొత్త బ్యారేజీ గేట్లను నడిపే సాఫ్ట్‌వేర్ ప్రొద్దుటూరులో తయారైంది. కోడ్‌లో తేడా ఉందని కంప్యూటర్ చూపించే వార్నింగులు అందులో వేలు. మక్బూల్ వాటిని ఒక్కొక్కటే సరిచేస్తూ వచ్చాడు. వాటిలో ఒకటి మనవాళ్లు రాసిన కోడ్‌ది కాదని నిన్న చెప్పాడు. ఇవాళ లేపేశారు.”

“టార్గెట్?”

“ఇవాళ శ్రావణ శనివారం, గండి గుడిలో ఉత్సవం. పాపాఘ్ని ఇసుకలో వేలమంది జనం. మధ్యాహ్నం హారతివేళకు విదేశీ ముఠా గేట్లు ఎత్తేస్తుంది. ఆఫీసులో మన ఏజెంట్ హెలెన్ మేనేజరుగా ఉంది. వెళ్లు!”

ఏసీ మెకానిక్ వేషంలో, గ్యాస్ సిలిండర్ భుజాన వేసుకుని నాసిర్ ఆఫీసులో అడుగుపెట్టాడు. నల్ల కళ్లద్దాలు, ఎర్రటి పెదవులు... హెలెన్ ఎదురైంది. అబ్బో, ఏం అందం!

“జమ్మలమడుగు బస్సు పోయిందా?” కోడ్‌వర్డ్ విసిరాడు.

“టాపు మీద చోటుంది,” అని నవ్వి పక్కకు తప్పుకుంది.

ప్రోగ్రామర్ షాహుల్ స్క్రీన్ మీద ఒక్క వార్నింగ్ కూడా లేదు.

“ఏవీ?”

“హెలెన్ మేడం పొద్దున్నే వాటిని దాచిపెట్టమనింది సార్. ఎప్పుడూ వచ్చేటివే కదా, మేం చూసేదే లేదు.”

నాసిర్‌కు ఒళ్లు మండింది. “పొగొస్తుంటే కళ్లు మూసుకుంటారా? బయటికి తియ్! గండిలో జనం కొట్టుకుపోతారు!”

“మా అమ్మ జానీబీ ఆడనే పూలమ్ముతాంది సార్!” షాహుల్ గబగబా కీలు నొక్కాడు. స్క్రీన్ వెలిగింది. “మక్బూలన్న అన్నీ ఊడ్చేసినాడు! ఒక్కటే మిగిలింది. ‘ఈ వరస కిందున్న కోడ్ ఎప్పటికీ నడవదు.’ అయ్యో, దాని కింద ఉండేది సేఫ్టీ చెక్ సార్! ఏట్లో మనుషులుంటే గేట్లు మూసేది అదే!”

ఢాం!

షాహుల్ కుడిభుజం చీలిపోయింది. హెలెన్ చేతిలో పిస్టల్ పొగలు కక్కుతోంది. “మక్బూల్‌కీ ఇదే తొందర,” అంది.

నాసిర్ సిలిండర్ వాల్వు తిప్పాడు. మంచులాంటి గ్యాస్ ఆమె ముఖాన్ని కొట్టింది. మరుక్షణం స్పానర్ ఆమె మణికట్టును విరగ్గొట్టింది. వెనకనుంచి ఎర్రగుంట్ల హంతకుడు దూకాడు. కత్తి నాసిర్ మోచేతిలో దిగబడింది. నాసిర్ పళ్లు బిగించి వాణ్ణి ఎత్తి కిటికీ అద్దంలోంచి మూడంతస్తుల కిందికి విసిరాడు.

“గేట్లు లేస్తాండాయి సార్!”

“ఆ దొంగ వరస కొట్టెయ్!”

“చెయ్యి లేస్తాలేదు!”

“రెండోది లేదా? కొట్టరా!”

షాహుల్ నెత్తుటి ఎడమచేతి వేళ్లు కీబోర్డు మీద పడ్డాయి. దొంగ వరస చెరిగిపోయింది. బిల్డ్ పూర్తయి, సరిచేసిన ప్రోగ్రాం బ్యారేజీకి చేరింది. సేఫ్టీ చెక్ మేలుకుంది. జానెడు లేచిన గేట్లు ధడాలున మూతపడ్డాయి.

“వార్నింగులు సున్నా...” అంటూ షాహుల్ నేలకు జారాడు. అంతలో అతని ఫోన్ మోగింది. నాసిర్ స్పీకర్ నొక్కాడు.

“ఏందిరా షాహుల్! ఏట్లోకి కాసిన్ని నీళ్లొచ్చి నిలిచిపాయె! పూలు తడుపుకునేకి గూడా చాల్లేదు!” జానీబీ గొంతు ఖంగుమంది.

షాహుల్ వెక్కి వెక్కి ఏడుస్తూనే నవ్వాడు.

“మీ అమ్మ ఇచ్చే ఈ వార్నింగును మాత్రం దాచిపెట్టకు నాయనా,” అన్నాడు నాసిర్, మోచేతికి గుడ్డ బిగిస్తూ.