జాకీ మీద నిలబడ్డ కారు

మా ఇల్లు కార్ఖానా అనే పేటలో, మెయిన్ రోడ్డుకి రెండు సందులు లోపల. ఇంటి పక్కన రేకుల షెడ్డు ఒకటి ఉంది. మా నాన్న తాతారావుగారు కాకినాడ నుంచి వచ్చి రాణిగంజ్‌లో మోటారు పంపుల షాపు పెట్టినప్పుడు సరుకు కోసం వేయించిన షెడ్డది. ఇప్పుడు అందులో పంపులు లేవు. నా కారుంది.

నా పేరు విష్ణువర్ధన్. యాభై రెండేళ్లు. ఈ సంగతి ఇంతవరకు ఒక్క మనిషికే చెప్పాను. చెప్పిన రోజు సాయంత్రమే ఇంకొకటి జరిగింది. అందుకే రాస్తున్నాను.

నేను ఏడో తరగతి చదివే రోజుల్లో మా వీధి చివర రిచర్డ్‌గారని, రైల్వేలో పనిచేసి రిటైరైనాయన ఉండేవారు. ఆయనకు ముదురాకుపచ్చ రంగు ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు ఉండేది. రెండే సీట్లు. పైన కప్పు లేదు. నేలకు అంటుకుని పాకుతున్నట్టు వెళ్లేది. ఆదివారం పొద్దున ఆయన చర్చికి బయల్దేరితే, ఆ ఇంజను చప్పుడు విని తింటున్న పళ్లెం వదిలేసి గేటు దగ్గరకు పరుగెత్తేవాణ్ణి. ఎప్పటికైనా అలాంటిది ఒకటి కొనాలని ఆ గేటు పట్టుకునే అనుకున్నాను. నలభై ఏళ్ల తర్వాత ఆయన మనవలు ఆ కారునే అమ్మకానికి పెట్టారని తెలిసింది. నా భార్య సింధూర పేరున కీసర దగ్గరున్న ప్లాటు అమ్మి కొన్నాను. కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు సింధూర ఒకటే అడిగింది.

"దీని తర్వాత ఇంకేం కోరికల్లేవుగా మీకు?"

లేవన్నాను.

కారు కొనడంతో ఖర్చు అయిపోదని, అక్కణ్ణుంచే మొదలవుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదు. దానికి చిన్న రబ్బరు ముక్క కావాలన్నా ఇంగ్లండు నుంచి రావాలి. వచ్చేసరికి ఆ ముక్క ధరకు మూడింతలు అయ్యేది. అన్నిటికంటే కష్టం, దాన్ని ముట్టుకోవడం తెలిసిన మెకానిక్కు దొరకడం. ఆఖరికి బోయిగూడలో బ్రహ్మచారి దొరికాడు. పేరే బ్రహ్మచారి. భార్య లచ్చమ్మ, దగ్గర్లోని బడిలో ఆయాగా చేసేది. పని మొదలుపెట్టే ముందు బ్రహ్మచారి కారు బానెట్ మీద చెయ్యి పెట్టి, పశువును నిమిరినట్టు నిమిరేవాడు. కిందికి దూరాడంటే గంటల తరబడి బయటికొచ్చేవాడు కాదు. గ్రీజు వాసన, బీడీ పొగ మాత్రం వచ్చేవి.

మొదటి వారంలోనే అన్నాడు.

"సార్, ఒక్క జాకీని నమ్ముకుంటే కాదు. బండి ఆనెటందుకు నాలుగు ఇనుప స్టాండ్లు తెప్పియ్యుండ్రి. కింద పండుకునేటోని పానం సంగతి."

"వచ్చే నెల చూద్దాంలే బ్రహ్మచారీ. కార్బరేటర్లకే చేతిలో ఉన్నదంతా అయిపోయింది."

తల ఊపాడు. మళ్లీ అడగలేదు. ఆ వారమే నేను చెక్క స్టీరింగు చక్రం ఆర్డరు పెట్టాను. పాతది బాగానే ఉంది. అయినా పెట్టాను.

ఏప్రిల్లో ఒక శనివారం, పొద్దున పదకొండు గంటలకు ఆ చక్రం వచ్చింది. సింధూర బేగంపేటలో వాళ్ల అక్కయ్య ఇంటికి వెళ్లింది. షెడ్డులో నేనూ బ్రహ్మచారీ ఇద్దరమే. కారు ముందు చక్రాలు జాకీ మీద గాల్లో ఉన్నాయి. అతను కింద పడుకుని క్లచ్ దగ్గర ఏదో బిగిస్తున్నాడు. నేను ఆ కొత్త స్టీరింగు చక్రాన్ని బిగించుకున్నాను. చాలా బాగుంది. పక్కన నిలబడి చూశాను. వెనక్కి వెళ్లి చూశాను. తర్వాత తలుపు తీసి సీట్లో కూర్చున్నాను.

కారు జాకీ మీద ఉండగా ఎక్కకూడదని నాకు తెలుసు. తెలిసే ఎక్కాను.

కింది నుంచి మెల్లగా అన్నాడు.

"సార్... దిగుండ్రి. జాకీ కదుల్తున్నది."

చక్రం చేతిలో ఉంది. చేతులకి చల్లగా, నున్నగా ఉంది.

"ఒక్క నిమిషం," అన్నాను.

అంత కూడా పట్టలేదు.

కారు మీద పడి బ్రహ్మచారి పోయేటప్పుడు నేను ఇంట్లో ఫోన్లో ఉన్నానని పోలీసులకు చెప్పాను. సింధూరకు అదే చెప్పాను. లచ్చమ్మకు కూడా. పాపం, తొందరపడి ఒక్కడే కిందికి దూరాడు, అన్నాను. ఆసుపత్రి వరండాలో ఆవిడ నా ముఖంలోకి చూస్తూ అంతా విన్నది. డబ్బు కవరు చేతిలో పెడితే తీసుకుంది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడిగి ఉంటే అప్పుడే చెప్పేసేవాణ్ణేమో. ఇలా అనుకోవడం కూడా నన్ను నేను తప్పించుకోవడమే.

రెండు నెలలు షెడ్డుకు తాళం వేశాను. తర్వాత వేరే మనిషిని పిలిచి మిగిలిన పని పూర్తి చేయించాను. ఇంత జరిగాక కూడా నాకు ఆ కారు కావాలి.

జూలైలో ఒక ఆదివారం పొద్దున మొదటిసారి రోడ్డెక్కాను. బేగంపేటలో ఒక హోటల్ ముందు పాతకార్లవాళ్లు కలుసుకుంటారు, అక్కడికని. రాత్రి పట్టిన ముసురు ఆగింది. రోడ్డు ఖాళీగా ఉంది. బస్టాపులో జనం తలలు తిప్పి చూస్తున్నారు. స్కూటరు మీద ఒకాయన బొటనవేలు ఎత్తి చూపించాడు. నలభై ఏళ్లు ఎదురుచూసిన పొద్దు అది. నవ్వాలని చూశాను. నోరు తెరుచుకోలేదు.

స్వీకార్ ఉపకార్ సిగ్నలు దగ్గర ఎర్రలైటు పడింది. అప్పుడొచ్చింది వాసన. గ్రీజు. బీడీ పొగ. వాటి వెనక తడి ఇనుము వాసన.

ఇంజను ఆపేశాను.

నా కాళ్ల కింద, కారు అడుగు రేకుకు అవతలి వైపు నుంచి...

"సార్... దిగుండ్రి."

దిగాను. నడిరోడ్డు మీద బోర్లా పడుకుని కారు కిందకు చూశాను. తడిరోడ్డు. ఎవరూ లేరు. వెనక బస్సు హారను కొడుతోంది. లేచి మళ్లీ కారెక్కాను. సీటు తగలగానే మళ్లీ అదే మాట. ఈసారి ఇంకా దగ్గరగా. బతిమాలుతున్నట్టు.

"దిగుండ్రి సార్..."

ఇంటిదాకా ఎలా తెచ్చానో నాకు తెలియదు. దారంతా అంటూనే ఉన్నాడు. కారు షెడ్డులో పెట్టి, ఆటో ఎక్కి బోయిగూడ వెళ్లాను.

లచ్చమ్మ గడప దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను చెప్పులు విడిచి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. చెప్పాను. చక్రం గురించి, సీటు గురించి, అతను దిగమన్నాడని, నేను ఏమన్నానో, ఫోన్ అబద్ధమని. అంతా చెప్పాను. ఆవిడ చేతులు ఆగిపోయాయి.

తల ఎత్తి అడిగింది.

"గిది నాకెందుకు చెప్తున్నవ్ సారు?"

"నన్ను క్షమించమని అడగడానికి అమ్మా. పోలీసుల దగ్గరికి కూడా వస్తాను. నువ్వు రమ్మంటే ఇప్పుడే."

"పోలీసులకాడికి నువ్వు వోవుడే. దానికి నేనేం చెప్పేదున్నది." చాటను పక్కన పెట్టింది. "మాఫ్ అంటవా... నేను చేస్తే నీకు నిద్రవడ్తది. నాకు పడ్తదా? కింద పండుకున్నది నేను కాదు. ఆయనకు చెప్పినవా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"ఏడ వోయిండో ఆడికే వోయి చెప్పు," అని లోపలికి వెళ్లిపోయింది.

పోలీస్ స్టేషనుకే వెళ్లాలి నేను. వెళ్లలేదు. ఎక్కడెక్కడో తిరిగి ఇంటికొచ్చాను. నాలుగున్నర అయింది. వాన పెద్దదైంది. కరెంటు లేదు. షెడ్డులో మసక చీకటి. రేకుల మీద వాన మోతకు చెవులు హోరెత్తుతున్నాయి. అదే జాకీని కారు కింద పెట్టి లేపాను. స్టాండ్లు నేను అప్పటికీ కొనలేదు. సీటుకు కొత్త తోలు వేయించాను గానీ, అవి కొనలేదు.

వెల్లకిలా పడుకుని కిందికి జరిగాను. ముక్కుకు బెత్తెడు దూరంలో ఇనుము. సిమెంటు నేల చల్లగా ఉంది. బ్రహ్మచారికి పైకి చూస్తే కనబడింది ఇదే అనుకున్నాను. ఆఖరికి కనబడింది కూడా.

"బ్రహ్మచారీ," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. "నువ్వు చెప్పింది నాకు వినబడింది. నేనక్కడ లేనని అందరికీ చెప్పాను. వినబడింది. దిగాలనిపించలేదు. అంతే... దిగాలనిపించలేదు."

వాన ఆగిపోయింది.

తగ్గలేదు. ఒక్కసారిగా ఆగిపోయింది. నా ఊపిరి చప్పుడు ఇనుముకు తగిలి నా మీదికే వస్తోంది.

ఎవరో కారు తలుపు తీశారు.

కాళ్లు కనబడతాయేమోనని తల తిప్పి చూశాను. తలుపు కింద నేల ఖాళీగా ఉంది. అయినా... పైన సీటు కిర్రుమంది. స్ప్రింగులు మెల్లగా కిందికి దిగాయి. మనిషి కూర్చుంటే దిగినట్టే. ఇనుము ముక్కుకు తగిలి, ఛాతీ మీద ఆనింది. నా తల పక్కన జాకీ సన్నగా మూలిగింది.

"దిగండి," అన్నాను.

పైన ఎవరో స్టీరింగు చక్రం మీద చెయ్యి రాస్తున్నారు. ఆ రాపిడి నాకు వినబడుతోంది. మెల్లగా... చుట్టూరా...

"దిగండి... దయచేసి... జాకీ కదులుతోంది..."

కాస్త ఆగి, పై నుంచి జవాబు వచ్చింది. ఆడ గొంతో మగ గొంతో తెలియలేదు. కోపం లేదు అందులో. ఎంతో సంతోషంగా, పరధ్యానంగా ఉంది.

"ఒక్క నిమిషం."

ఎంతసేపో తెలియదు. కళ్లు మూసుకున్నాను. అమ్మను తలుచుకున్నానో, ఎవరిని తలుచుకున్నానో గుర్తులేదు. ఉన్నట్టుండి ఛాతీ మీద బరువు తగ్గింది. స్ప్రింగులు పైకి లేచాయి. వాన మళ్లీ రేకుల మీద పడుతోంది. మోచేతులు దోక్కుపోతున్నా పట్టించుకోకుండా బయటికి పాకాను. నేను లేచి నిలబడ్డాక, నా కళ్లముందే, జాకీ పక్కకు ఒరిగి కారు నేల మీద పడింది.

గోడ పట్టుకుని నిలబడ్డాను. బతికాననుకున్నాను. వదిలేశాడు, బ్రహ్మచారి నన్ను వదిలేశాడు అనుకుని ఏడ్చాను. రేపు పొద్దున్నే స్టేషనుకు వెళ్లి రాసిస్తానని పైకే అన్నాను.

అప్పుడు చూశాను. డ్రైవరు తలుపు బార్లా తెరిచి ఉంది. సీటు పూర్తిగా ముందుకు, చక్రానికి ఆనేంత ముందుకు జరిపి ఉంది. బ్రహ్మచారి ఆరడుగుల మనిషి. అలా జరిపితే మోకాళ్లు కూడా పట్టవు. ఏడో తరగతి పిల్లాడంత పొట్టి మనిషెవరో కూర్చున్నారు అక్కడ. లోపలి అద్దం కూడా తిప్పి ఉంది. సీట్లో కూర్చున్న మనిషికి వెనక గేటు కనబడేలా కాదు. వంగి అందులోకి చూశాను. షెడ్డు తలుపులోంచి మా వంటింటి కిటికీ కనబడుతోంది. కిటికీలో సింధూర.

చేతులు కొంగుకు తుడుచుకుంటోంది. నన్ను చూడటం లేదు. ఆ ఖాళీ సీటు వైపు చూసి, ఎవరో పిలిస్తే సరేనన్నట్టు నవ్వుతూ తలూపి, వానలో షెడ్డు వైపు బయల్దేరింది.