నూట నలభై రెండు

జూన్ పదిహేడు. వేసవి మేతకు గుర్రాలతో కొండెక్కాల్సిన రోజు. కల్బూబు పొద్దున్నే సంచీ సర్దుతోంది. టీ ఆకు, ఉప్పు, ఎండబెట్టిన పెరుగుండలు, చివరగా బీపీ మిషను. ప్రయాణానికి ముందు ఇంట్లో అందరికీ బీపీ చూడటం ఆమె అలవాటు. చదువు తనంతట తనే నేర్చుకుంది. ఏ వయసుకు బీపీ ఎంతుండాలో పేపర్లో పడితే తన వయసు వరుస ఒక్కటే కత్తిరించి గోడకు అంటించుకుంది.

కోడలు జిపారాకు ఏడో నెల. పాదాలు బూట్లలో పట్టడం లేదు. చేతికి పట్టీ చుట్టి చూస్తే నూట నలభై రెండు.

"నాకు నూట నలభై ఆరు. నేను మూటలు కట్టడం లేదూ?" అంది కల్బూబు.

జిపారా తల వంచుకుని ఉప్పు టీ పోసింది. ఆ ఇంట్లో కోడలు అత్తకు ఎదురు చెప్పదు. కొడుకు తాలాయ్ మాత్రం ఓసారి నర్సుకు చూపిద్దామా అని నసిగాడు. ఆవిడ పడుకోమంటుంది, రెండు గంటలకోసారి గుర్రాల పాలు ఎవరు పితుకుతారని తల్లి అడిగింది. అతను మూటలు లారీకెక్కించాడు.

సాగనంపడానికి వచ్చిన నర్సు సాయ్‌నాప్ కళ్ళు జిపారా పాదాల మీదే ఆగిపోయాయి. బీపీ ఎంతో అడిగింది. గోడ మీది ముక్క చూసింది.

"మిగతా కాగితం ఏదక్కా?"

"పెరుగుండలు చుట్టాను. దాంతో నాకేం పని?"

"నీకు డెబ్బై ఏళ్ళు. నీకది పరవాలేదని డాక్టరే అన్నాడు. ఈ పిల్లకి ఏప్రిల్లో నేను చూస్తే వందే ఉంది. కడుపుతో ఉన్నదానికి నూట నలభై దాటితే తల్లికీ బిడ్డకీ గండం. నీ కొలత దానికెలా సరిపోతుంది?"

ఇల్లు నడపడం నువ్వు నేర్పుతావా అని కల్బూబు గొంతు పెంచింది. అప్పుడు జిపారా నోరు విప్పింది.

"మూడ్రోజులుగా కళ్ళ ముందు మెరుపులొస్తున్నాయి, అత్తయ్యా. తల పగిలిపోతోంది. పని తప్పించుకోడానికంటారని చెప్పలేదు."

కల్బూబు గబగబా బయటికి నడిచింది. తనే లారీ ఎక్కి సంచీ దించి, అందులో ఉన్నదంతా నేల మీద గుమ్మరించింది. కోడలి బట్టలు, పసిబిడ్డ బట్టలు సర్దింది. మోకాళ్ళ మీద కూర్చుని, ఉబ్బిన ఆ పాదాలకు తన వదులు చెప్పులు తొడిగింది.

"నేనంటే అంత భయమేమిటే తల్లీ," అని ఏడ్చింది.

జిపారా ఆమె చెంపలు తుడిచింది. "మీరు టీలో ఉప్పు తగ్గించుకోండి," అంది.

లారీ జిల్లా ఆసుపత్రికి వెళ్ళింది. మర్నాడు నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. ఆగస్టులో తాలాయ్ బిడ్డను ఇంటికి తెచ్చాడు.

జిపారా తిరిగి రాలేదు. జూన్ పంతొమ్మిదిన, ఉదయం తొమ్మిదింటికి చనిపోయింది.